'చీ' అని పిలవలేక

టూరు వాళ్ళతో వియత్నాం పోయేముందు మా ఆయన అక్కడి మాటలు నాలుగైదు నేర్చుకున్నాడు. కళ్యాణదుర్గంలో మాది విత్తనాల అంగడి. బేరం లేని మధ్యాహ్నాల్లో గల్లాపెట్టె పక్కన కూర్చుని వాటినే గొణుక్కునేవాడు. ఒక్క మాట మాత్రం ఆయనకు మింగుడుపడలేదు. అక్కడ అక్కను 'చి' అంటారట.

"పెద్దామెను పట్టుకోని చీ అని ఎట్ల పిలిచేది? చెప్పు తీసుకోదా?" అన్నాడు.

హనోయిలో ఒక సాయంత్రం, మాతో వచ్చినవాళ్ళంతా బట్టల బజారుకు పోతే మేమిద్దరం ఒక సందులో నడుస్తున్నాం. ఒక పెద్దావిడ ఉడకబెట్టిన వేరుశనగ కాయలు అమ్ముతోంది. ఆ వాసనకు ఇద్దరం ఆగిపోయాం. మా ఆయన గొంతు సవరించుకుని, 'చి' మాత్రం వదిలేసి, 'ఇవ్వండి' అనడానికి నేర్చుకున్న మాట అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ అన్నాడు. ఊహూఁ. చివరికి విసిగిపోయి, "ఏమక్కా, ఇంత చెప్తాండా, రవ్వన్ని శెనక్కాయలు ఇయ్యమ్మా!" అన్నాడు.

ఆమె పగలబడి నవ్వింది. తన భాషలో అంతే గట్టిగా ఏదో అని, రెండు చిన్న పీటలు మా ముందుకు తోసి, కాయలు పొట్లం కట్టి ఇచ్చింది.

ఇక ఆయన తెలుగులోనే మొదలుపెట్టాడు. "మా పక్క వాన్లు లేవక్కా. శెనగ చెట్టుకు ఊడలు దిగి కాయ పట్టే యాళకు వాన మొగం చాటేస్తాది" అంటూ ఆకాశం చూపించాడు. ఒక కాయ ఒలిచి, ఉత్త డొల్ల ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె నవ్వు ఆపి దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మా పొట్లంలో ఇంకో గుప్పెడు పోసింది.

లేచి వస్తూ ఆయన సిగ్గుపడుతూ, "కామ్ ఒన్, చి" అన్నాడు. థాంక్స్ అక్కా అని. ఆమె తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "అక్కా" అంది.

"మళ్ళా వద్దాంలే. అప్పటికి బాగా నేర్చుకుంటా." హోటల్ చేరేదాకా అదే మాట.

పోయిన వేసవిలో గుండెపోటుతో వెళ్ళిపోయాడు. అంగడి నేనే చూసుకుంటున్నాను. పొద్దంతా మాటలకు కొదవేం లేదు. అయినా చేతులు తిప్పుతూ, భాష తెలియని మనిషికి మా చేన్ల గురించి చెప్పే ఆ గొంతు కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

మొన్న నేను పాస్‌పోర్టు వెతుకుతుంటే మా అమ్మాయి అడిగింది. "ఒక్కదానివే ఆడికి పోయి ఏం చేస్తావమ్మా?"

"ఆ యక్కను చూసొస్తా" అన్నాను.

ఆయన లేడని ఆమెకు ఇంకెవరు చెప్తారు? ఆ మాట అక్కడ ఎలా అంటారో నాకు తెలియదు. ఎవరినైనా అడిగి నేర్చుకోవాలి.