శివలీల మేడమ్ గొంతు పోయిన నెల

కోసిగి దగ్గర ఒక ఊరి హైస్కూల్లో శివలీల సైన్సు టీచరు. పాఠం గడగడా చెప్పేది. మధ్యలో ప్రశ్న వేసేది, పిల్లలు నోరు తెరిచేలోపే జవాబూ తనే చెప్పేసేది. ఎప్పుడైనా ఆగితే ముందు బెంచీలో వీరభద్ర చెయ్యెత్తేవాడు. వాడు చెబితే ఎనిమిదో తరగతికంతా వచ్చినట్టేనని ఆమె నమ్మకం.

ఆ మార్చిలో ఆమె గొంతు పూడుకుపోయింది. ఆదోని డాక్టరు చూసి, గొంతులో బొడిపెలు లేచాయని చెప్పి, నెల రోజులు మాట తగ్గించమన్నాడు. పరీక్షల ముందు సెలవు పెట్టడానికి మనసొప్పలేదు. పిల్లల చేతే పుస్తకం చదివించమన్నాడు హెడ్మాస్టరు జ్ఞానరాజు. అదీ ఆమెకు నచ్చలేదు.

మర్నాడు తరగతికి వెళ్లి బోర్డు మీద రాసింది: ‘కుండలో నీళ్లు చల్లబడతాయి. స్టీలు బిందెలో ఎందుకు చల్లబడవు?’

వీరభద్ర చెయ్యెత్తాడు. కాసేపు ఆగమని సైగ చేసింది. గది నిశ్శబ్దమైపోయింది. గొంతే ఉంటే ఈపాటికి చెప్పేసి ఉండేది. ఆ మౌనం ఆమెకే బరువనిపించింది.

చివరికి వెనక వరసలో అంజలి లేచింది. తల్లిదండ్రులతో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోయి, కిందటి వారమే తిరిగొచ్చిన పిల్ల. తరగతిలో ఎన్నడూ నోరు విప్పి ఎరగదు.

“కుండకు చెమట పడతాది మేడమ్.”

పిల్లలు నవ్వారు. శివలీల తప్పనలేదు, ఒప్పనలేదు. ‘చెమట పడితే ఎందుకు చల్లబడాలి?’ అని రాసి, మళ్లీ అంజలి వైపే చూసింది.

ఆ పిల్ల కొంచెం ఆలోచించింది. “చేన్లో చెమట పట్టినాక గాలి తగిల్తే ఒళ్లు సల్లగయితాది. తడి ఆరిపోతా పోతా వేడిని తీస్కపోతాదేమో.”

ఇక తరగతి ఆగలేదు. రంగేసిన కుండలో నీళ్లు అంతగా చల్లబడవని ఒకరు, వానాకాలంలో కుండ కూడా పని చెయ్యదని ఇంకొకరు. గోల విని జ్ఞానరాజు వచ్చాడు. గుమ్మంలో నిలబడి విని వెళ్లిపోయాడు.

ఆ నెలంతా అలాగే గడిచింది. తర్వాత గొంతు బాగుపడింది కానీ పాత అలవాటు ఊరుకోదు కదా. జవాబు నోటిదాకా వచ్చేస్తుంది. అందుకని ప్రశ్న వేయగానే సీసా ఎత్తి నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఆ గుక్కల మధ్య పిల్లలకు ఆలోచించుకునే వ్యవధి దొరికేది.

తనను అడగడం లేదని కొన్నాళ్లు ముఖం ముడుచుకున్న వీరభద్ర, ఒకరోజు తనే లేచాడు. “ఐసు నీళ్లు పోస్తే స్టీలు గ్లాసుకూ చెమట పడతాది గదా మేడమ్. కుండకున్నట్టు దానికి సన్న బొక్కలు లేవే. ఆ నీళ్లు యాడనుంచి వచ్చినట్లు?”

జవాబులు చెప్పడమే తప్ప వాడు ప్రశ్న అడగడం అదే మొదలు. శివలీలకు లోపల పాయసం తిన్నట్టయింది.

“నువ్వేమనుకుంటాండావు?” అంది. అంతలో గంట కొట్టారు. పిల్లలు మాత్రం లేవలేదు. వీరభద్ర వెనక్కి తిరిగి అంజలితో వాదనకు దిగాడు. శివలీల కుర్చీలోనే కూర్చుని వింటూ ఉండిపోయింది.