ఎడమకు పోని విమానం

నా చదువు ఐదో తరగతి కాడ ఆగింది. అరవై తొమ్మిదిల తెలంగాణ కొట్లాటకు బడులు బందు పెట్టిన్రు. తెరిచినంక మా బాపు నన్ను మళ్ల పంపలేదు. యంత్రాల సంగతి నాకు తెల్వదని ఎవరన్నా అంటే ఒప్పుకుంట. కాని ఆ పెట్టెల ఆట సంగతి తెలుసు. మా జనగామ ఇంట్ల నా కండ్ల ముందటనే తయారైంది, నా కండ్ల ముందటనే చచ్చింది.

పెట్టెను తెచ్చింది మా చిన్న మరిది. బొంబాయిల టీవీలు బాగుచేసే దుకాణంల ఉండె. ఎనభైల చివర్ల ఆ దుకాణం మూతపడితే ఇంటికొచ్చిండు. తొడుక్కునే బట్టలే సరిగ్గ లెవ్వు గని సంచిల ఒక కంప్యూటర్ ఉంది. రొట్టెల పీట అంత ఉంటది, మీద రబ్బరు మీటలు. టీవీకి ఒక వైరు, టేప్‌రికార్డర్‌కు ఒక వైరు. బొంబాయి వీడియో గేముల దుకాణంల అల్మారీ అంత మిషన్ ఉంటదట. అందుల పైనుంచి శత్రువుల విమానాలు వరుసలు వరుసలుగ దిగుతయట. కింద మనది ఒక్కటే విమానం, అటూ ఇటూ జరుగుకుంట కాల్చాలె. ఆ ఆటను ఈ పెట్టెలకు దించుతనని వానకాలమంత మీటలు నొక్కుకుంట కూసున్నడు.

“అల్మారీ అంత దాన్ని గిందుల ఎట్ల ఇరికిస్తవయ్యా?” అని అడిగిన.

“నువ్వు పాత చీర చింపి పిల్లకు లంగ కుడతవు గద వదినా. అంచు ఉంటది, కుచ్చిళ్లు తగ్గుతయి. గిది గూడ గట్లనే. ఐదు వరుసలను మూడు చేసిన. రంగులు తీసేసిన. దిగే తీరు మాత్రం గదే.”

నాకు అర్థమైంది. కరెంటు బిల్లు యాదికొచ్చి ఫ్యాను బందు చేసి పోయిన.

మా ఆయనకు ఎరువుల దుకాణం, నర్మెట్ట తొవ్వల జొన్నచేను ఉండె. తమ్ముడంటే చిన్నప్పటి నుంచి చులకన. బువ్వ ముందట కూసుంటే చాలు, “ఏం బొంబాయి దొరా, ఇయ్యాల ఎంతమందిని చంపినవ్? నోట్లకు చెయ్యి పోయే తెలివన్న మిగిలిందా?” అనేటోడు. ఆఖరికి అన్నదమ్ములిద్దరు ఒక మాట అనుకున్నరు. భూపాలపల్లి దిక్కు అప్పుడప్పుడే బొగ్గుగనులు పడుతున్నయి. అక్కడ వీడియో గేముల దుకాణం పెడతనని, పెద్ద మిషన్ కన్న తక్కువల ఆట దొరుకుతదా అని ఒక ఆసామి తిరుగుతున్నడు. దసరానాడు ఇంటికొచ్చి చూస్తనన్నడు. ఆట నచ్చితే మరిది ఆయన వెంట పోయి దుకాణం నడుపుకుంటడు. నచ్చకపోతే పెట్టె మూలకు పెట్టి అన్న చెప్పిన పని చెయ్యాలె, మారు మాట లేదు.

దసరా వచ్చింది. ఆసామి పొద్దుగాలనే దిగిండు. మా ఇంట్ల ఆనాడు పనిముట్లన్నిటికి పూజ. వాకిట్ల స్కూటరు, తరాజు, కొడవండ్లు, నాగలి పెట్టి పసుపు కుంకుమ బొట్లు పెట్టినం. మా ఆయన కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు అన్నిటి మీద చిలకరించుకుంట వచ్చి ఆగిండు.

“మావోని ఆయుధమేది? తేరా. కాల్చేది ఆయుధం కాకుంటే ఇంకేంది?”

ఆసామి నవ్విండు. మరిది పెట్టెను తెచ్చి పీట మీద పెట్టిండు, రెండు చేతులు దాని మీద అడ్డం పెట్టే ఉంచిండు. “అన్నా, బొట్టు పెట్టు చాలు. నీళ్లొద్దు, లోపలికి పోతయి.”

“దేవుని నీళ్లకు పాడైతదా? గంత పిరికి ఆయుధమా?” అని ఆ చేతులను పక్కకు నూకి, చిప్పల మిగిలిన నీళ్లన్ని మీటల మీద ఒంపిండు. చిలకరించుడు కాదు, ఒంపుడు. నేను హారతి పళ్లెం పట్టుకొని పక్కనే ఉన్న. పూజల మొగోని చెయ్యి పట్టుకునే ఆచారం మా ఇండ్లల్ల లేదు.

మరిది తువ్వాలతో తుడిచిండు, బోర్లేసి ఊపిండు, ఎండకు పెట్టిండు. అందరం యాట మాంసం కూర తిన్నం, తను ముద్ద ముట్టలేదు.

తిన్నంక ఆసామి మూతి తుడుచుకొని, “కానియ్, చూద్దాం,” అన్నడు.

టేపు పెట్టంగనే కీచుమని మొత్తుకుంది. ఆట టేపుల నుంచి పెట్టెలకు ఎక్కుడంటే గదే చప్పుడు, చానసేపు. ఆఖరికి టీవీల తెల్లటి వరుసలు లేచినయి. మరిది మొఖం అంత తేటగ నేనెన్నడు చూడలేదు. కుడికి జరిగిండు, కాల్చిండు, ఒకటి కూలింది. “భలే!” అన్నడు ఆసామి. ఇంకా కుడికి పోయిండు, ఇంకోటి కూలింది. ఇగ ఎడమకు రావాలె. రాలే. ఎడమకు పోయే మీటను నొక్కిండు, గుద్దిండు, గోటితో పీకిండు. విమానం కుడి మూలకు అతుక్కపోయింది. వరుసలు నిమ్మళంగ దిగినయి, దాన్ని చంపినయి. మళ్ల మొదలుపెట్టిండు. మళ్ల అదే మూల, అదే చావు.

మా ఆయన పొట్ట పట్టుకున్నడు. “తమ్మీ, నీ విమానానికి పక్షవాతం వచ్చిందిరా!” ఇంట్ల అందరు నవ్విన్రు. నాకూ నవ్వొచ్చింది, నవ్విన.

“ఒక్క మీటనే పోయింది. జర ఆగున్రి, బాగుచేస్త,” అని మరిది ఆసామిని బతిమాలిండు.

“మా గని పోరగాండ్లు డ్యూటీ దిగి వస్తే ఆగరు తమ్మీ. పెద్ద మిషనే తెప్పిస్త,” అని ఆసామి చెప్పులు తొడుక్కున్నడు.

ఆయన గడప దాటకముందే మా ఆయన రాళ్లు విసిరే ఒడిసెల తెచ్చి తమ్ముని ఒళ్లె పడేసిండు. జొన్న పాలకంకి మీద ఉంది, చిలుకలు పడుతున్నయి. “మాట మాటే. కాల్చుడే గద నీకొచ్చిన పని. పోయి మంచె ఎక్కు. గిది రెండు దిక్కుల పోతది.”

క్యాసెట్టును నేను పారెయ్యలేదు. వస్తువును ఊకె పారేసుడు నాకు నచ్చదు. లోపలి టేపంత గుంజి, చేను మీద కట్టమని మరిదికే ఇచ్చిన. గాలికి బుయ్యిమని మోగితే పిట్టలు బెదురుతయి. వానకాలమంత కూసొని చేసిన ఆట గందులనే ఉందని నాకు తెలుసు. ఉంటే ఏంది, ఆడేటోడెవడు? మరిది గుంజల నడుమ ముడులు గట్టిగనే వేసిండు.

కొన్నాళ్లకు సద్ది తీసుకొని చేనుకు పోయిన. చిలుకలు మందలుగ దిగి కంకులు కొరుకుతున్నయి, కొన్నయితే టేపు మీదనే వాలి ఊగుతున్నయి. మంచె మీద మరిది ఒడిసెలల రాయి పెట్టుకొని ఊకె చూస్తున్నడు.

“ఏమయ్యా, కొట్టవా?”

“వరుసల వస్తలేవు వదినా,” అన్నడు. “ఇవి నేను చెప్పినట్టు దిగవు.”

గట్టు మీది రాయి తీసి నేనే విసిరిన. సగం మంద లేచింది.

“దిగినదాన్ని దిగినట్టే కొట్టాలె. జల్ది తిను, గిన్నె వాపస్ తీసుకపోవాలె,” అన్న.