పావుగంట ముందు నడిచే గడియారం

మా నర్సింగ్ హోమ్ కాన్పుల గదిలో గడియారం పావుగంట ముందు నడుస్తుంది. అలా పెట్టింది నేనే. బస్సు దొరకలేదనీ, పాలు కాగలేదనీ రోజుకో సాకుతో ఆలస్యంగా వచ్చే ఆయాలను దారికి తేవాలని నాలుగేళ్ల కిందట స్టూలెక్కి ముల్లు ముందుకు తిప్పాను. వారం తిరక్కుండానే అందరికీ తెలిసిపోయింది. మనసులో పావుగంట తీసేసుకుని ఎప్పటిలాగే ఆలస్యంగా వస్తున్నారు. అయినా నేను దాన్ని వెనక్కి తిప్పలేదు. హెడ్ నర్సుకు కాస్త పరువుంటుంది కదా. కాన్పు టైము చెప్పాల్సి వస్తే మేమంతా గడియారం చూసి పావుగంట తీసేసి చెబుతాం.

ఈ ఏర్పాటు ఐర్లండ్ నుంచి వచ్చిన పిల్లకు మింగుడు పడలేదు. అక్కడ ప్రసూతి నర్సు చదువుతూ, మూడు నెలలు మా కంకిపాడులో జీతం లేకుండా పనిచేసి నేర్చుకుంటానని వచ్చింది. మనిషి బంగారం. కానీ ప్రతిదానికీ లెక్క సరిపోవాలి.

"సిస్టర్, గడియారం తప్పు," అంది వచ్చిన రెండో రోజే.

"తప్పు కాదమ్మా, మేము అలాగే పెట్టుకున్నాం."

"అందరికీ తెలుసు కదా. మరి ఎందుకు?"

నాలుగేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. వెళ్లి దుప్పట్లు మడతపెట్టమన్నాను.

తెలుగు మాత్రం చకచకా పట్టేసింది. మొదట నేర్చుకున్న మాట 'ముక్కు'. నొప్పులు పడే మనిషితో మేము గంటకు వందసార్లు అనే మాట అదే కదా. పెద్దవాళ్లతో 'అండీ' అనాలని ఎవరో చెప్పారట. ఇక చూడండి, కేకలు పెడుతున్న మనిషి పక్కన చేతులు కట్టుకుని నిలబడి, "కొంచెం ముక్కండి, ప్లీజండి," అనేది. నొప్పుల్లో కూడా నవ్విన వాళ్లున్నారు.

ఆ రోజు పొద్దున ఆరింటికి మా ఊరి కోడలొకామె తొలికాన్పుకు వచ్చింది. కాన్పుల గదిలో పడుకోబెట్టామో లేదో, వరండాలో వాళ్ల అత్తగారు మొదలుపెట్టింది. పదకొండూ నలభై దాకా పుష్యమి నక్షత్రమట. ఆ తర్వాత ఆశ్లేష. ఆశ్లేషలో పుడితే ఇంటికి మంచిది కాదట. బెజవాడలో పెద్దాసుపత్రిలో మాట్లాడి ఉంచాం, కారు సిద్ధంగా ఉంది, తీసుకెళ్లి పుష్యమి ఉండగానే ఆపరేషన్ చేయించేస్తాం అంటుంది.

"చక్కగా నొప్పులొస్తున్న పిల్లకు కోత ఎందుకండీ?" అన్నారు మా డాక్టరమ్మ గారు. లోపల్నుంచి కోడలు కూడా, "నేను రానండీ, ఇక్కడే కంటాను," అని అరిచింది.

అత్తగారు తలుపు దగ్గరికి వచ్చి వినపడేలా చెప్పింది. "సరే, నీ ఇష్టం. నలభై దాటి పుట్టిందనుకో, రేపు మా ఇంట్లో ఎవరికి ఏం జరిగినా ఆ పాపం నీదే. తర్వాత ఏడిచి లాభం లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్లకు ఆ ఇంట్లో ఇంకో యాభై ఏళ్ల కాపురం ఉంది. జ్వరమొచ్చినా, గేదె పాలివ్వకపోయినా ఇక ఈ కోడలి పేరే చెబుతారు. ఐర్లండ్ పిల్ల నా పక్కనే నిలబడి అంతా విన్నది. ఎంత అర్థమైందో నేను అడగలేదు. మందుల గదిలోకి వెళ్లిపోయాను.

తొమ్మిదయింది, పదయింది. కాన్పు మన మాట వింటుందా? ఐర్లండ్ పిల్ల కోడలి నడుం రుద్దుతూ, నీళ్లు తాగిస్తూ పక్కనే కూర్చుంది. పదకొండు దాటాక కరెంటు పోయింది. వరండా చివర జనరేటరు అందుకుంది. ఆ మోతలో బయటివాళ్లకు లోపలి కేకలు వినపడే వీలు లేదు. తల కనపడింది. "ముక్కండి అండీ!" అని ఈ పిల్ల, "ముక్కవే తల్లీ!" అని నేను. డాక్టరమ్మ గారు బిడ్డను పైకెత్తి తల్లి గుండెల మీద పెట్టారు. ఆడపిల్ల. పుడుతూనే గొంతెత్తింది. నేను గడియారం చూశాను. పదకొండూ యాభై.

పావుగంట తీసేశాను. పదకొండూ ముప్పై ఐదు. అయిదు నిమిషాల తేడాతో గట్టెక్కాం!

బిడ్డను తుడిచి, తూచేలోగా కరెంటొచ్చి జనరేటరు ఆగింది. బయటికి తెచ్చేసరికి అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. ఎవరు పుట్టారని కూడా అడగలేదు. "ఎన్నింటికి?" అంది.

"పదకొండూ ముప్పై ఐదు," అన్నాను లోపలికి కూడా వినపడేలా. "మీ పుష్యమిలోనే!"

ఆమె భోరుమంది. బిడ్డను లాక్కుని ముద్దులు పెట్టుకుంది. పంతులు గారికి ఫోను, ఆయాలకు స్వీట్లు. నేనే కన్నంత గర్వంగా లోపలికి వచ్చాను.

ఐర్లండ్ పిల్ల రిజిస్టరు ముందు పెన్ను పట్టుకుని నిలబడి ఉంది. మొహం పాలిపోయింది.

"సిస్టర్, మీరు ముప్పై ఐదు అన్నారు. కానీ పొద్దున నేను గడియారం కరెక్ట్ చేశాను. ఈరోజు టైము చాలా ముఖ్యం కదా, అందుకని."

రిజిస్టరులో 11.50 అని ముత్యాల్లాంటి అంకెలు.

అంటే బిడ్డ నిజంగా పుట్టింది పదకొండూ యాభైకే, ఆశ్లేషలో. ఇన్నేళ్ల ఉద్యోగంలో పుట్టిన టైము ఎప్పుడూ తప్పు చెప్పలేదు. చెప్పేయాలి. వార్డులోకి నడిచాను. అక్కడ పొద్దున శాపనార్థాలు పెట్టిన ఆ అత్తగారే కోడలికి పాలల్లో బ్రెడ్డు ముంచి తన చేత్తో తినిపిస్తోంది. నోరు తెరిచాను. అంతలోనే మూసి, మంచం మీద దుప్పటి సర్దాను.

"వేణ్ణీళ్లు కావాలత్తయ్యా," అంది కోడలు నన్ను చూసి. అత్తగారు ఫ్లాస్కు పట్టుకుని వెళ్లగానే కోడలు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"సిస్టర్ గారూ, పొద్దున ఆ తెల్లమ్మాయి స్టూలెక్కి ముల్లు వెనక్కి తిప్పడం నేను చూశానండీ. ఏంటమ్మా అంటే, 'పదిహేను నిమిషాలు ఎక్కువ ఉందండీ, సరిచేశాను' అంది. మీరు బయట ముప్పై ఐదు అన్నప్పుడు నాకు వినపడింది. నేను నోరు మూసుకున్నాను. మీరూ మూసుకోండి."

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. సరేనని తలూపాను. వెళ్లి ఐర్లండ్ పిల్లకూ ఆ మాటే చెప్పాను. రిజిస్టరులో నిజం అలాగే ఉంది. ఇంటికి ఇచ్చే కాగితంలో మాత్రం తేదీ రాసి, టైము గడి ఖాళీగా వదిలేశాను.

సాయంత్రం నేను కాన్పుల గదిలోకి వెళ్లేసరికి ఐర్లండ్ పిల్ల అప్పటికే స్టూలెక్కి, గడియారం చేతిలో పట్టుకుని ముల్లు మళ్లీ ముందుకు తిప్పుతోంది.

"పావుగంట చాలా సిస్టర్," అంది, "ఇంకొంచెం పెట్టనా?"