చెవిలో అందించే మాట

నా పేరు కావలి లచ్చమ్మ. వయసు డెబ్బై దాటి కొన్నేళ్లయింది. కార్డు మీద ఉన్నది తప్పు, రాసినవాడు నా మొహం చూసి వేశాడు. ఊరు ఇబ్రహీంపట్నం, కింది వాడ. ఇంట్లో నేను, చిన్న కొడుకు, కోడలు. మా గోడకు ఆనుకునే నా మరిది ఇల్లు. మరిది పోయి చాలా కాలమైంది. ఆ ఇంట్లో మా యారాలు, అంటే మరిది భార్య, మొన్న అమావాస్య మర్నాడు పొద్దున సగం టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి గోడకు ఒరిగింది. మళ్లీ గ్లాసు ఎత్తలేదు.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది మా ముందు గదిలో కిరాయికి ఉండే టీచరమ్మ. శేరిగూడ కాలేజీలు వచ్చాక వచ్చినవాళ్లు, వాళ్లది కృష్ణా ఒడ్డు. నా మాట సగం ఆమెకు అర్థమవుతుంది, మిగతా సగం అడిగి తన రాతలో పెడుతుంది. "మామ్మగారూ, యారాలంటే తోటికోడలేగా?" అంది ఇప్పుడే. అవును. రాయి. అందం మాత్రం చెయ్యకు. అందం చేసిన మాటల వల్లనే నాకు ఈ తలవంపు వచ్చింది.

మా యారాలు పాటలు కట్టేది. పాడేది కాదు. ఆమెది బొంగురు గొంతు, ఖాళీ బిందెను బండ మీద ఈడ్చినట్టు ఉండేది. గొంతు నాది, మాట ఆమెది. బతుకమ్మకైనా, నాట్లకైనా, పెళ్లిలో వియ్యపురాలిని ఆడిపోసుకోవడానికైనా ఆమె కట్టేది, నేను ఎత్తుకునేదాన్ని. ఎవరు కట్టారో వాడకంతా తెలుసు, ఆ విషయంలో మా మధ్య ఎప్పుడూ గొడవ రాలేదు. గొడవలకు మాకు వేరే కారణాలు చాలా ఉన్నాయి.

ఎవరి పాట గొప్పదని మా దగ్గర ఎప్పుడూ వాదనే. నాదర్‌గుల్ నుంచి వచ్చే కోలాటం జట్టు అడుగు చూడాలని కొందరు, హార్మోనియం ఉన్న పై వాడ భజన బ్యాండుకు మించింది లేదని కొందరు. మా యారాలు అందరి పాటలూ వినేది. చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ, చెవి అటు పెట్టేది. అయిపోయాక తీర్పు చెప్పేది.

"రాగం మస్తుంది. మాటేది? చల్లని తల్లి, బంగారు తల్లి అని ఎవ్వలన్న అంటరు. మాట చేతికి తగలాలె అక్కా. తడిమితే గరుకుండాలె."

ఆమె అసలు పని చావు ఇంట్లో తెలిసేది. మాలో మనిషి పోతే దగ్గరివాళ్లు శవం పక్కన కూర్చుని మాటలతో రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్లను పిలిచి, వాళ్లెలా బతికారో వాళ్లకే చెబుతారు. కాని దుఃఖంలో ఉన్నవాళ్లకు మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? మా యారాలు వెళ్లి ఆ ఆడమనిషి వెనక కూర్చునేది. భుజం మీద చెయ్యి వేసి, చెవిలో ఒక మాట అందించేది. ఆ మనిషి దాన్ని ఎత్తుకునేది. చుట్టూ ఉన్నవాళ్లం చివరి మాటను లాగేవాళ్లం. ఆ రాగం అయిపోయేలోపు ఇంకో మాట చెవిలో పడేది. దూరం నుంచి వచ్చినవాళ్లు, ఎంత బాగా ఏడ్చింది పాపం అని అనుకునేవాళ్లు. వెనక ఉన్న మనిషిని ఎవరూ చూసేవాళ్లు కారు. ఆమెకు అదే ఇష్టం.

మా వెనకింటి మేస్త్రీ పోయినప్పుడు అతని భార్య రాయిలా కూర్చుంది. కన్నీళ్లు లేవు, మాట లేదు. ఆ పిల్లకు ఏమైనా అవుతుందని అందరికీ భయం పట్టుకుంది. మా యారాలు శవం దగ్గరికి రాకుండా నేరుగా వాళ్ల ఇంట్లోకి పోయింది. ఏదో దొంగతనానికి వచ్చినట్టు మూలమూలా చూసింది. తర్వాత వచ్చి ఆ పిల్ల వెనక కూర్చుని చెవిలో ఏదో అంది. ఆ పిల్ల ఒక్కసారిగా గొంతెత్తింది:

"ఊరందరి గోడలు నిట్టనిలువ నిలిపితివి, నన్నొక్కదాన్ని ఒరగబెట్టి ఏడబోతివో!"

వాడంతా కదిలిపోయింది. ఆ పిల్ల ఏడ్చి బతికింది.

"ఏడ దొరికిందే నీకు గా మాట?" అని తర్వాత అడిగాను.

"నాకు దొరుకుడేంది? మొలకు ఏలాడుతుండె," అంది. వాళ్లింట్లో మొలకు, అంటే మేకుకు, తగిలించిన దారపు గుండు గురించి అన్నది, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునేది.

ఆ పాట బాగుంది, ఇంకో మేస్త్రీ పోతే ఇదే అందించు అని నేనంటే నా మీద చింతగింజలు విసిరింది. "పేరు మార్చి పాడితే గది పాట గాదు, కిరాయి అంగి. పీనుగకు కిరాయి అంగి తొడుగుతవా?"

ఇప్పుడు నా తలవంపు చెబుతాను.

ఆమె పోయిన రోజు శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. ఆమె బిడ్డ, ఊళ్లోనే ఇచ్చిన కూతురు, పరుగున వచ్చి తల దగ్గర కూర్చుంది. పెద్దదాన్ని కాబట్టి నేను వెనక కూర్చున్నాను. అది మా యారాలు కూర్చునే చోటు. కూర్చునేటప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు. బిడ్డ "అమ్మా" అని గొంతెత్తింది. అంతే, ఆగిపోయింది. తల కొంచెం వెనక్కి వాల్చి, కుడి చెవి నా వైపు తిప్పింది. తన భర్త పోయినప్పుడు వాళ్లమ్మ ఆ చెవిలోనే మాట అందించింది. అలవాటుగా ఆ చెవి మళ్లీ వెనక్కి తిరిగింది.

నేను నోరు దగ్గరికి తీసుకుపోయాను. ఆ వాడలో అందరికంటే పెద్ద గొంతు నాది. ఆమె పాటలన్నీ నా నోట్లోనే ఉన్నాయి. కాని అవన్నీ వేరేవాళ్లవి. మేస్త్రీది మేస్త్రీదే. ఆమెకంటూ ఒక్క మాట నా దగ్గర లేదు.

"ఏడ్వు బిడ్డా," అన్నాను. అంతకు మించి నాకు రాలేదు.

మిగతా ఆడవాళ్లవైపు చూశాను. ముసలివాళ్లు తల దించుకున్నారు. పొలాలు ప్లాట్లయ్యాక నాట్ల పాటే పోయింది, ఈ కాలపు కోడళ్లకు రాగం తీయడమే సిగ్గు. రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. అంతమందికి ఏడుపు అందించిన మనిషి ముందు అందరం మూగవాళ్లమయ్యాం.

అప్పుడు మా యారాలి కొడుకు పాట డబ్బాలు, అదే స్పీకర్లు, తెచ్చి పెట్టాడు. ప్లాట్ల బేరం చేస్తాడు, తెలిసినవాళ్లు ఎక్కువ. సిటీలో చావు పాటలు చేసి అమ్మే దుకాణం ఉందట, ఫోను చేస్తే మధ్యాహ్నానికి పాట పంపారు. ఆడగొంతు, మగగొంతు, వెనక వేణువు. "కోపమెరుగని తల్లీ, తులసి కోట చుట్టూ ముగ్గులేసిన తల్లీ" అని మొదలుపెట్టి, మధ్యలో మా యారాలి పేరు పిలిచింది.

మా ఇళ్లల్లో తులసి కోట లేదు. కోపమెరుగకపోవడం సంగతి చెప్పాలంటే, పెరుగు చట్టితో నా నుదుట కొట్టిన మచ్చ ఇప్పటికీ ఉంది. టీచరమ్మకు చూపించాను, రాయమన్నాను.

కాని ఆ పాటకు వాకిలంతా ఏడ్చింది. బిడ్డ ఏడ్చింది. నేను అందరికంటే గట్టిగా ఏడ్చాను. ఆ వేణువు ఎక్కడ పట్టుకుందో, గుండె కరిగిపోయింది. కిరాయి అంగి ఆమెకే తొడిగి, బాగుందని ఏడ్చాను.

అక్కడితో అయిపోయినా బాగుండేది. దినాలు కాకముందే పై వాడలో ఎవరో ముసలామె పోయింది. నేను ఎప్పుడూ చూడని మనిషి. గాలి ఇటు తిరిగితే అదే వేణువు, అదే కోపమెరుగని తల్లి, అదే తులసి కోట. పేరు మాత్రం వేరు. నేను పొయ్యి దగ్గర నిలబడి విన్నాను. నా కళ్లు మళ్లీ నిండాయి. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. ఎవరి కోసం ఏడ్చినట్టు నేను?

మా యారాలి కొడుకును పిలిచి నిలదీశాను.

"ఏందిరా, మీ అమ్మకు కోపం లేకుండెనా?"

వాడికి నవ్వు వచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి. "నా వీపుకు ఎరుక పెద్దమ్మా."

"మరి గా పాటేంది? నెల మాసికానికి గూడ గదే పెడ్తవంట."

"ఏం చెయ్యాలె మరి? ప్లాటు చూపియ్యనీకి పోతే నోరు మూతపడదు నాకు. బండరాళ్ల నడుమ నిలబెట్టి, ఇగో ఇది హాలు, ఇగో ఇది పూజ గది అని చెప్త. అమ్మ ముంగట ఒక్క మాట రాలె. నాకు రాకపాయె, మీకు రాకపాయె. అందుకే కొనుక్కొచ్చిన." వాడే మళ్లీ అన్నాడు: "నువ్వేమన్న కట్టు. డబ్బా బంద్ చేస్త. ఉత్తగ బంద్ చేయమంటే మాత్రం చెయ్య. అమ్మ కాడ చప్పుడు లేకుండ ఉంటదా?"

వాడి మాటలో తప్పు లేదు. ఆ రోజు నుంచి చింతపండు ముందేసుకుని కూర్చుంటున్నాను. గింజలు తీస్తుంటే ఆమెకు మాట వచ్చేది. నాకు చెయ్యి మాత్రమే జిగటయింది. వచ్చినవన్నీ దేవతవు, దీపానివి. చీ అనుకున్నాను. అవి ఆ దుకాణంలో దొరుకుతాయి.

టీచరమ్మే ఒకనాడు అడిగింది. "మామ్మగారూ, ఆవిడ మీకెప్పుడైనా చిరాకు తెప్పించేవారా?"

"ఎప్పుడు తెప్పియ్యలే?" అన్నాను. చెప్పడం మొదలుపెడితే ఆగలేదు.

మా కప్పు నీళ్లు వాళ్ల వాకిట్లో పడతాయని ఒక వానాకాలం పెద్ద కొట్లాట. మాటలు బంద్. ఎదురుపడితే ఆమె తుమ్మ చెట్టును చూసేది, నేను మేకను చూసేదాన్ని. అలాంటి రోజుల్లో, మాపటేళ ఆమె రోకలితో మా మధ్య గోడ కొట్టింది. నేను ఇటు నుంచి కొట్టాను. గోడ అవతల నుంచి బొంగురు గొంతుతో పాట చరణం చెప్పింది. అది నోట్లో ఎలా పలుకుతుందో నా గొంతులో వినాలి ఆమెకు. నేను ఇటు నుంచి పాడాను.

"నడిమి మాట బరువైంది. మల్లొకసారి," అంది. మళ్లీ పాడాను. తర్వాత అంది: "పాట కోసం పిలిచిన. మాట్లాడిన అనుకోకు."

"నేనూ పాడిన. పలికిన అనుకోకు," అన్నాను.

ఆ వానాకాలమంతా అలాగే గడిచింది. ఆ ఏటి బతుకమ్మ పాటకు మించింది ఆమె మళ్లీ కట్టలేదని నేనంటాను.

టీచరమ్మకు అంతవరకు చెప్పాను. నా చెయ్యి ఆ గోడ మీదే ఉంది. మెల్లగా కొట్టి చూశాను. అప్పుడు వచ్చింది మాట.

"గోడ గొట్టి పిలిచితివి, పలికితి నేను. నేను గొట్టితె పలుకవేమే చెల్లె!"

అదొక్కటే. అయినా చేతికి తగిలింది. గరుకుగా ఉంది. వెంటనే బిడ్డను పిలిపించాను. ముందు కూర్చోబెట్టి, వెనక నేను కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి ఆమె చెవిలో అందించాను. ఆమె ఎత్తుకోలేదు. నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, గిది నా ఏడుపు గాదు. నీది."

నాకు మళ్లీ తల కొట్టేసినట్టయింది. ఎవరి మాట వాళ్ల నోటికి సరిపోవాలి, వాళ్లమ్మ చేసిందంతా అదే కదా. అంతకాలం పక్కన ఉండి నేను ఆ ఒక్కటీ నేర్చుకోలేదు.

బిడ్డ లేచింది. పోతుందేమో అనుకున్నాను. పోలేదు. తిరిగి వచ్చి నా వెనక కూర్చుంది.

"నువ్వు ముంగట కూసో. గొంతు నీదే గద."

అరుగు మీద కొడుకు నిలబడి ఉన్నాడు, ఎప్పుడు వచ్చాడో. "రెండో మాట?" అన్నాడు.

"ఇంకా రాలె," అంది బిడ్డ. అప్పుడు విన్నాను, ఆమెకూ వాళ్లమ్మ బొంగురే.

"వచ్చేదాక నేను డబ్బా పెట్ట," అన్నాడు వాడు. వాడు కూడా కూర్చున్నాడు.

చదివేవాళ్లకు నేను చెప్పుకునేది ఇంతే. మా యారాలు కోపిష్టి. ఆమెకు తులసి కోట లేదు. వాడలో ప్రతి ఇంటికీ ఆ ఇంటి ఏడుపు అందించింది, తన వంతు వచ్చేసరికి మాకు చేతకాలేదు. నెల మాసికం దగ్గర పడింది. మాట ఒక్కటే ఉంది. రోజూ మాపటేళ ఆ గోడకు ఎదురుగా కూర్చుంటున్నాను. వెనక బిడ్డ చింతపండు ఒలుస్తుంది. గింజలు గిన్నెలో పడుతుంటాయి. అప్పుడప్పుడు ఆ చప్పుడు ఆగుతుంది, భుజం మీదికి జిగట చెయ్యి వస్తుంది. నేను తల కొంచెం వెనక్కి వాల్చి, కుడి చెవి అటు తిప్పుతాను.

చదివి వినిపించగా విని, నేను చెప్పిందేనని ఒప్పుకుని పెట్టిన ముద్ర: కావలి లచ్చమ్మ, ఎడమ చేతి బొటనవేలు. పక్కన మరక చింతపండుది, సిరా కాదు.

ఎదురుగా ఉండి విన్నవారు: మరిది బిడ్డ జంగమ్మ, మరిది కొడుకు యాదగిరి.
రాసినవారు: ముందు గదిలో ఉండే రమాదేవి.