మంచినీళ్ళలో పెట్టిన ముక్క

నొప్పి పుట్టేదా అమ్మమ్మా అని మొన్న ఫోన్లో అడిగావు కదా బుజ్జీ. లేదమ్మా, అదే చిక్కు. బొబ్బిలిలో మన దుకాణంలో పప్పు బస్తా జరుపుతుంటే మోచెయ్యి ఎడమ రొమ్ముకి ఒత్తుకుంది. లోపల జీడిపిక్కంత గట్టిగా ఏదో తగిలింది. నొక్కి చూసుకున్నా నొప్పి లేదు. మర్నాడు స్నానం చేస్తుంటే అక్కడే ఉంది.

మీ తాత పోయాక దుకాణం చూసేది ఆయన తమ్ముడు, మీ చినతాత సత్తిబాబే కదా. మరిదికి ఇలాంటిది చెప్పడానికి సిగ్గేసింది. "ఒంట్లో బాగులేదు, విజయనగరం తీసికెళ్ళు" అన్నాను. ఏమైందని అడక్కుండా షట్టరు దించేశాడు.

అక్కడ మామోగ్రామ్ తీశారు. డాక్టరమ్మ చూసి, "చిన్నదేనమ్మా. ఒకవేళ కేన్సరే అయినా గడ్డ వరకు తీస్తే సరిపోవచ్చు. ముందు బయాప్సీ చేద్దాం" అంది. సూది టక్కుమంది. దారప్పోగుల్లాంటి ముక్కల్ని ఫార్మలిన్ అనే మందునీళ్ళున్న చిన్న సీసాలో వేసి, విశాఖ ల్యాబులో ఇమ్మని మా చేతికే ఇచ్చారు. మన వైపు చాలాచోట్ల అంతే, మనిషి ముక్కని మనిషి తాలూకు వాళ్ళే మోసుకెళ్ళాలి. సత్తిబాబు జేబు రుమాల్లో చుట్టుకుని బస్సెక్కాడు.

రిపోర్టు కోసం చాలా రోజులు చూశాం. చివరికి, ముక్క పాడైంది, మళ్ళీ తియ్యాలన్నారు. సీసాలో ఏం పోశారని డాక్టరమ్మ నిలదీసింది.

"మూత వదులైపోయి ఒకటే కంపండీ. కళ్ళు మండుతున్నాయని బస్సులో అందరూ నన్ను తిట్టీసినారు. అందుకే ఆ నీళ్ళు పారబోసి, సీసా సుబ్బరంగా కడిగి, మంచినీళ్ళు పోసేను" అన్నాడు సత్తిబాబు.

ఆమె తల పట్టుకుంది. ఆ మందునీళ్ళే ముక్కని కాపాడతాయట. సత్తిబాబు ముఖం చూడలేకపోయాను.

అప్పుడు విశాఖలో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ కొత్తగా ఒక మైక్రోస్కోపు వచ్చింది. మళ్ళీ ముక్క తీసి, ఆ గదిలోనే దాన్ని ఏదో రంగులో ముంచి, గాజుపలక మీద పెట్టారు. టీ చల్లారేలోపు దానికి తగిలించిన టీవీలో బొమ్మ వచ్చింది. గులాబీ, ఊదా రంగులు. చాటలోంచి చోళ్ళు, అదే మీరు రాగులంటారే, అవి ఒలికి ఒకదాని మీద ఒకటి పడ్డట్టున్నాయి.

"ముక్క బాగా వచ్చిందమ్మా, మళ్ళీ గుచ్చక్కర్లేదు. చూస్తే అనుమానంగానే ఉంది. గట్టిగా చెప్పేది పెద్ద రిపోర్టే. ఈలోగా మిగతా టెస్టులు మొదలుపెట్టేద్దాం" అన్నారు డాక్టరుగారు.

"అయితే ఈ ముక్క మేం మోసుకెళ్ళక్కర్లేదాండీ?" అన్నాడు సత్తిబాబు.

"అక్కర్లేదు బాబూ."

"బతికించేరు. నా సేతికి మాత్రం ఇవ్వకండి."

నర్సమ్మ నవ్వింది. వాడు నవ్వలేదు.

పెద్ద రిపోర్టులో కేన్సరనే వచ్చింది. ఎమ్మారైలో ఇంకోచోట కూడా మచ్చ కనబడిందని, రొమ్ము మొత్తం తీసేశారు. తరవాత కీమో. మధ్యలో రక్తంలో తెల్లకణాలు పడిపోయి జ్వరమొస్తే వార్డులో పడుకోబెట్టారు. ఆ రోజుల్లో సత్తిబాబు ఫ్లాస్కులో చోడంబలి తెచ్చి, నా ముఖం చూడకుండా గ్లాసులో పోసేవాడు. "ఎన్నాళ్ళిలా ఉంటావు సత్తిబాబూ, తెలిసి సేసేవా ఏటి?" అంటే, "తాగొదినా, సల్లారిపోతాది" అనేవాడు.

ఇప్పుడు బాగున్నాను. రోజూ ఒక మాత్ర. చెయ్యి బిగుసుకోకుండా గోడ మీద వేళ్ళు పాకిస్తూ పైకెత్తుతాను. పొద్దున్న దుకాణంలో కూర్చుంటాను. నువ్వు ఇది రాసి నలుగురికీ చూపిస్తే, చదివే వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. బయాప్సీ సీసా మీ చేతికిస్తే మూత బిగుతుగా ఉందో లేదో అక్కడే చూసుకోండి. దారిలో కారినా, కంపు కొట్టినా తెరవకండి, ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి.

ఆపరేషనయ్యాక ఒకరోజు సత్తిబాబు మందులకని కిందికి వెళ్ళినప్పుడు సర్జనుగారిని అడిగాను. "డాక్టరు బాబూ, ఆ మొదటి ముక్క పాడవకపోయుంటే నాకు రొమ్ము నిలిసేదా?"

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఏదో చెప్పబోతుండగా తలుపు తోసుకుని సత్తిబాబు వచ్చాడు.

"ఏటొదినా, ఏటడుగుతున్నావు?"

"కుట్లు ఎప్పుడు తీస్తారని."

సర్జనుగారు నా వంక ఒక క్షణం చూసి, "వచ్చే వారం తీసేద్దామమ్మా" అన్నారు.

ఇప్పటికీ ప్రతి చెకప్‌కీ సత్తిబాబే తీసుకెళ్తాడు. డాక్టరు గదిలో నా పక్క కుర్చీలోనే కూర్చుంటాడు.