చల్లారని బట్టీ

పదకొండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను పింగాణీ పాత్రలు చేస్తాను. జూబ్లీహిల్స్ ఇళ్లలో, హోటళ్లలో నా జాడీలు కనిపిస్తాయి. పత్రికలవాళ్లు నా ఓపికను తెగ పొగుడుతుంటారు. ఓపిక! ఆ మాట వినపడితే తల ఎత్తలేను.

అప్పట్లో నేనూ సుగుణా ఒకే షెడ్డులో పనిచేసేవాళ్లం. ఆమె రహమత్ నగర్ పిల్ల. నాకంటే ఆరేళ్లు చిన్న, నాకంటే మంచి పనిమంతురాలు. ఈ సంగతి కూడా ఇన్నాళ్లూ ఎక్కడా ఒప్పుకోలేదు. ఇద్దరికీ ఒకటే కరెంటు బట్టీ. ఒక గ్యాలరీ ఆవిడ మా పని చూసి, ఇద్దరిలో ఒకరికి ప్రదర్శన పెట్టిస్తానంది. సుగుణ మూడు నెలలు కూర్చుని పలచటి పెద్ద జాడీలు తొమ్మిది చేసింది. నావి మందపాటి గిన్నెలు. అన్నీ కలిపి ఒకేసారి కాల్చాం. బట్టీ పూర్తిగా చల్లారేదాకా తలుపు తీయకూడదు. చల్లగాలి తగిలితే పాత్రలు చిట్లిపోతాయి, పెద్దవి మరీ ముందు. ఈ పనిలో మొదటిరోజే నేర్చుకునే పాఠం అది.

మర్నాడు పొద్దున, సుగుణ రాకముందే, నేను తలుపు తీశాను. జానెడే. నా గిన్నెలకు రంగు ఎలా వచ్చిందో చూసుకోవాలన్న ఆత్రం. లోపల టింగుమని ఒక చప్పుడు. వెంటనే మూసేశాను. మూసేశానా? లేదు. ఇంకొకటి వినేదాకా నిలబడ్డాను. ఆత్రం ఒక్కటే అయితే అలా ఎందుకు నిలబడాలో, నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా నాకు నచ్చే జవాబు రాలేదు.

ఆ తర్వాతి రోజు ఇద్దరం కలిసి తెరిచాం. ఆమె జాడీలు తొమ్మిదీ పగిలాయి. నా గిన్నెలు రెండే పోయాయి. సుగుణ ఏడవలేదు. ముక్కలు ఒళ్లో పెట్టుకుని, ఎందుకిట్ల అయిందక్కా అని నన్నే అడిగింది.

“మట్టి కలపడంలో తేడా వచ్చుంటుందే,” అన్నాను.

“గంతే అయితదక్కా. నా చేతిలనే లోపమున్నట్టుంది.”

నేను కాదనలేదు. తలుపు తీయడం తొందరపాటు అనుకోవచ్చు. ఇది తొందరపాటు కాదు. ప్రదర్శన నాకొచ్చింది. ఆమె మళ్లీ చక్రం ముందు కూర్చోలేదు. ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో సినిమా సెట్లకు ప్లాస్టర్‌తో కుండలు అచ్చుపోస్తుంది, ఫైట్లలో పగలగొట్టడానికి.

పోయిన నెల నా ప్రదర్శనకు వచ్చింది. ఒక జాడీని వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, మంచిగ మోగుతుందక్కా, యాడా పగుల్లేదు అంది. అప్పుడైనా నేను నిజం చెప్పొచ్చు కదా? చుట్టూ జనం ఉన్నారని సర్దిచెప్పుకున్నాను. జనం వెళ్లిపోయాక ఆమె ఆటో ఎక్కుతుంటే చెయ్యి ఊపాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీరిచ్చేది కాదు. ఇది రాస్తుంటే గుండె కాస్త తేలికపడింది, అందుకూ సిగ్గుగానే ఉంది.

లోపం సుగుణ చేతిలో లేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.