మేస్త్రీ ఇంటికి నాయనమ్మ వెళ్ళిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు కొత్తగా లేస్తున్నాయి. ముత్తంగి నుంచి లోపలికి నడిస్తే వచ్చే చిన్న ఊరు మాది. అప్పటికింకా అవుటర్ రింగు రోడ్డు లేదు, గోదాములు లేవు. జొన్నచేలు ఉండేవి, వాటి వెనక పొగగొట్టాలు. ఊరి చివర మా వాడ, వాడ చివర రేకుల కప్పుతో చర్చి. మా మగవాళ్ళు చాలామంది పొలం పనులు మానేసి మందుల ఫ్యాక్టరీకి కూలికి వెళ్ళేవాళ్ళు. ఫ్యాక్టరీ వాళ్ళు కూలీలను నేరుగా పెట్టుకునేవాళ్ళు కాదు. మా చర్చిలో మాతో పాటే చాప మీద కూర్చునే ఒకాయన పొద్దున్నే మనుషులను పోగుచేసి లారీ ఎక్కించేవాడు. అందరూ ఆయనను మేస్త్రీ అనేవాళ్ళు.

మా నాన్న ఆ ఫ్యాక్టరీలోనే పోయాడు. అప్పుడు నాకు పదేళ్ళు. రసాయనాల ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి గీకడానికి దిగి, మళ్ళీ పైకి రాలేదు. లోపల విషపు గాలి ఉందో లేదో దింపినవాళ్ళు చూసుకోవాలి, ముందు మంచి గాలి పంపాలి. కానీ పోలీసులు వచ్చి అడిగినప్పుడు మేస్త్రీ, "తాగి దిగిండు సార్, వద్దన్నా ఇనలే" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఫ్యాక్టరీ చేతులు దులుపుకుంది.

మా నాన్న కల్లు కూడా ముట్టేవాడు కాదు. ఆ సంగతి వాడంతటికీ తెలుసు. తెలిసినవాళ్ళందరూ మర్నాడు అదే మేస్త్రీ లారీ ఎక్కాలి కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. నెలలు గడిచేకొద్దీ ఆ అబద్ధమే నిజమై కూర్చుంది. బడిలో నన్ను తాగుబోతు బిడ్డ అని పిలిచిన పిల్లల మీద నాకు ఇప్పుడు కోపం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు అనుకోగా విని ఉంటారు.

మా నాన్న మా నాయనమ్మకు ఒక్కడే కొడుకు. ఆమె నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. చర్చిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెబుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకునేది. కానీ ఎవరింట్లోనైనా మనిషి మంచాన పడితే, పిలవకుండానే వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చునేది. సంగారెడ్డి నుంచి ఆదివారాలు బస్సులో వచ్చి ప్రార్థన జరిపే అయ్యగారు అది గమనించారు. నాన్న పోయిన మరుసటి ఏడు, ఒక ఆదివారం ఆమెను ఆపి, రోగుల దగ్గరికి వెళ్ళి వాక్యం వినిపించి ప్రార్థన చేసే పని నీదేనమ్మా, దేవుడు నిన్ను పిలుస్తున్నాడని నాకు అనిపిస్తోంది అన్నారు.

"నాకు అక్షరం ముక్క రాదయ్యా," అంది నాయనమ్మ. "నలుగుర్ల నోరు తెరిస్తే నాలుక మడతపడ్తది. ఇంకెవరికన్న చెప్పున్రి."

"మీ మనుమరాలు చదువుతుంది కదమ్మా. పాప చదివితే మీరు ప్రార్థన చెయ్యండి," అన్నారు ఆయన.

ఆమె ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఆ వానకాలమంతా అలాగే నాన్చింది. వరినాట్ల దగ్గర, పొయ్యి దగ్గర తనలో తానే ఏదో గొణుక్కునేది. ప్రార్థన మాటలు కట్టుకుంటోందని నాకు తరువాత తెలిసింది. చివరికి ఒకరోజు తుంటి విరిగిన ఒక ముసలామె ఇంటికి నన్ను తీసుకుని బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్ళి, కొంగు సరిచేసుకోవాలన్నట్టు రెండుసార్లు వెనక్కి తిరిగింది. మూడోసారి నేనే చెయ్యి పట్టి లోపలికి లాగాను. నేను ఒక కీర్తన చదివాను. నాయనమ్మ చేసిన ప్రార్థన రెండే రెండు ముక్కలు. ఆ ముసలామె మాత్రం ఆమె చెయ్యి వదల్లేదు.

అలా మొదలైంది. ఏడాది తిరిగేసరికి వాడలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు మా నాయనమ్మకే కబురు వచ్చేది. గుమ్మం దగ్గర ఆగడం మానలేదు గానీ, ఆగేది కాసేపే.

అప్పుడు మేస్త్రీకి టీబీ వచ్చింది. మనిషి ఎముకల గూడైపోయాడని చెప్పుకున్నారు. ఆయన లారీ ఎక్కిన వాళ్ళెవరూ ఆయన ఇంటి వైపు వెళ్ళడం లేదు. ఒక మధ్యాహ్నం ఆయన భార్య మా ఇంటికి వచ్చి, గడప బయటే నిలబడి, "అత్తా, ఆయన నిన్ను రమ్మంటుండు. ప్రార్థన చెయ్యమంటుండు," అంది. నాయనమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. మేస్త్రీ భార్య వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. లోపలున్న మా అమ్మ బయటికి వచ్చి, "పోతివంటే మల్ల ఈ ఇంట్ల అడుగు పెట్టకు," అంది. అమ్మ అత్తతో అలా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

నాలుగు ఆదివారాలు గడిచాయి. నాయనమ్మ ఆ నెలంతా మరే రోగి దగ్గరికీ వెళ్ళలేదు. ఒకరోజు ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరికి వెళ్ళి, "నన్ను ఈ పని నుంచి తీసెయ్యున్రి అయ్యా. నేను దీనికి పనికిరాను," అంది.

ఎందుకని ఆయన అడగలేదు. ఆయనకు తెలుసు. క్షమించాలమ్మా, క్షమించకపోతే మన ప్రార్థన పైకి వెళ్ళదు, అన్నారు. మరి మీరు ఆయన దగ్గరికి పోయిన్రా అని నాయనమ్మ మెల్లగా అడిగింది. ఆయన గొడుగు తీసుకుంటూ, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అది అంటుకునే రోగం అన్నారు. బస్సుకు వేళైందని వెళ్ళిపోయారు. నాయనమ్మ ఆయన వెళ్ళిన దారి వైపు చూస్తూ నిలబడింది. చదువుకున్నవాళ్ళు, శుభ్రమైన మనసున్నవాళ్ళు చేసే పనికి తానెందుకని అన్నాళ్ళూ అనుకున్న మనిషి ఆమె. ఆ రోజు ఆమెకు ఏమనిపించిందో నాకు చెప్పలేదు.

మర్నాడు పగటిపూట, అమ్మ కూలికి వెళ్ళాక, "పుస్తకం తీసుకో బిడ్డా," అంది. ఎక్కడికో నేను అడగలేదు. దారంతా నేను తప్పు చదవాలని, నోట్లోంచి మాట రాకూడదని కోరుకుంటూ నడిచాను.

మేస్త్రీ ఇల్లు వాడలో మొదటి సిమెంటు ఇల్లు. నాయనమ్మ నన్ను గడప బయట గాలి తగిలే చోట కూర్చోబెట్టి, తాను మాత్రం లోపలికి వెళ్ళి మంచం పక్కన పీట మీద కూర్చుంది. ఏ రోగినైనా ఆమె మొదటి మాటగా బిడ్డా అని పిలిచేది. ఆ రోజు పిలవలేదు. నేను కీర్తన చదివాను. రెండు మాటలు మింగేశాను. ఎవరూ పట్టించుకోలేదు.

మేస్త్రీ చాలాసేపు దగ్గాడు. తరువాత గోడ వైపు తిరిగి, "పెద్దమ్మా, వాడు తాగలే," అన్నాడు.

మళ్ళీ దగ్గి, గోడతోనే చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"ట్యాంకుకు గాలి పెట్టకుండనే దింపిన. కంపెనీ సాబ్ జల్దీ జల్దీ అని నెత్తి మీద కూసున్నడు. వాడు లోపల్నుంచి పిలిసిండు. నేను రెండు మెట్లు దిగిన. వాసన తగిలింది, ఎక్కొచ్చిన. నాకు భయమైంది."

మా నాన్న పిలిచాడని మాకు అప్పుడే తెలిసింది. ఏమని పిలిచాడో ఇప్పటికీ తెలియదు.

నాయనమ్మ పీట మీద ముందుకు వంగింది. "ఈ మాట ఆదివారం సంఘం ముంగట చెప్పు. నువ్వు రాలేవంటే నలుగురు పెద్దమనుషులను ఈడికే పిలుస్తా. వాళ్ళకు చెప్పు, చాలు."

"ఎట్ల చెప్పాలె పెద్దమ్మా. నా కొడుకు గా కంపెనీలనే పర్మినెంటయిండు. నేను నోరు తెరిస్తే వాణ్ని ఉంచుతరా?" ఆయన చేతులు జోడించాడు. "నీకు చెప్పుకున్న గద. జెర ప్రార్థన చెయ్యి. పండుకుంటే ఊపిరాడుతలేదు."

నాయనమ్మ లేచింది. బయటికి వచ్చి, నా పక్కనుంచే వెళ్ళి వాకిలి దాటేసింది. నేను పుస్తకం మూసి ఆమె వెనక పరిగెత్తాను. నా ప్రాణం లేచివచ్చినట్టైంది. వీధిలో పది అడుగులు వేశాక ఆమె ఆగిపోయింది. ఎండలో, చెప్పులు లేని కాళ్ళతో ఎంతసేపు నిలబడిందో. పెదవులు కదులుతున్నాయి. తుంటి విరిగిన ముసలామె గుమ్మం దగ్గర తాను ఆగినప్పటి బెదురు కాదది. ఆమె ముఖం అలా ఉండగా నేను అంతకుముందు చూడలేదు, మళ్ళీ చూడలేదు. తరువాత వెనక్కి తిరిగి అదే ఇంట్లోకి నడిచింది.

ఈసారి పీట మీద కూర్చోలేదు. నిలబడే, కళ్ళు తెరిచే ప్రార్థన చేసింది. అందులోని ప్రతి మాట నాకు గుర్తుంది.

"దేవా, ఈయన మీద నాకు ప్రేమ లేదు. తెచ్చుకుందామన్నా వస్తలేదు. నువ్వు పొమ్మన్నవ్, వచ్చిన. నీకు ప్రేమ ఉంటే నువ్వే చూసుకో. ఈయనకు ఊపిరాడెటట్టు చెయ్యి. ఆమెన్."

మేస్త్రీ ఏడుస్తున్నాడు. ఆమె ఆయన తల మీద చెయ్యి పెట్టలేదు. నీళ్ళ చెంబు మాత్రం అందే చోటికి జరిపి వచ్చేసింది.

దారిలో నేను ఆమె చెయ్యి పట్టుకోలేదు. "నాన్నను సంపినోనికి ఎందుకు ప్రార్థన చేసినవ్?" అని అడిగాను. మా ఇల్లు కనిపిస్తుండగా, "నా మనసు మంచిగైనంక పోదామనుకున్న బిడ్డా. నెల దినాలు చూసిన, కాలే. అది మంచిగయ్యేదాక ఆ మనిషి బతకడు," అంది. అంతే. ఆ సాయంత్రం ఆమె అన్నం ముట్టలేదు.

అమ్మకు నేనే చెప్పాను. నాన్న తాగలేదని మేస్త్రీ ఒప్పుకున్నాడన్న మాట విని అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. నాయనమ్మను ఇంట్లోంచి పొమ్మనలేదు గానీ, చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాయనమ్మ ఆ తరువాత కూడా వారానికొకసారి వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ పెద్దమనుషులను పిలవనా అని అడిగేది. ఆయన ప్రతిసారీ తల అడ్డంగా ఊపేవాడు. ఆమె ప్రార్థన చేసి వచ్చేది. చలికాలం రాకముందే ఆయన పోయాడు.

జ్ఞాపకార్థ కూడికకు ఫ్యాక్టరీ నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. చర్చిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీ ఆయనకు వేశారు. అయ్యగారు మేస్త్రీ గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఎందరికో పని చూపించాడు, ఎన్నో పొయ్యిలు వెలిగించాడు అన్నారు. ఇంకెవరైనా సాక్ష్యం చెబుతారా అని అలవాటుగా అడిగారు.

మా నాయనమ్మ లేచింది.

పక్కనే కూర్చున్న నా కళ్ళ ముందు ఆమె చీర కుచ్చిళ్ళు ఊగుతున్నాయి. "నాదొక మాట," అంది. "నా కొడుకు తాగలే. మేస్త్రీనే నాతోని చెప్పిండు, నా మనుమరాలు ఇన్నది. గాలి పెట్టకుండ దింపిన్రు. గింతే."

కూర్చుంది. ఎవరూ మా వైపు చూడలేదు. మేస్త్రీ భార్య కొంగుతో ముఖం కప్పుకుంది. ఆయన కొడుకు నేలచూపులు చూశాడు. అయ్యగారు ఒకసారి కుర్చీ వైపు చూసి, పాట పాడుకుందాం అన్నారు. సంఘమంతా లేచి పాడింది. అంత గట్టిగా ఎప్పుడూ పాడలేదనిపించింది నాకు. మేం ముగ్గురం మాత్రం కూర్చునే ఉన్నాం. ఆ పాట మధ్యలోనే అమ్మ చేయి చాపి నాయనమ్మ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

తరువాతి ఆదివారం అయ్యగారు ఆమెను పక్కకు పిలిచి, వయసైంది కదమ్మా, రోగుల పని ఇంకెవరికైనా ఇద్దాం, మీరు విశ్రాంతి తీసుకోండి అన్నారు. ఒకప్పుడు తానే అడిగిన విడుదల అది.

"నన్ను పిలిచింది మీరా అయ్యా?" అంది నాయనమ్మ. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. ఆయన గొడుగు తీసుకుని బస్సు వైపు నడిచారు. ఆమె పోయేదాకా రోగుల ఇళ్ళకు వెళ్తూనే ఉంది. కొన్ని ఇళ్ళవాళ్ళు తలుపు తీయడం మానేశారు. ఫ్యాక్టరీ నుంచి మా ఇంటికి ఎవరూ రాలేదు. పోలీసుల కాగితంలో మా నాన్న ఇప్పటికీ తాగుబోతే.

నాకు ముప్పై అయిదేళ్ళప్పుడు, సంఘంలో స్త్రీల మధ్య సేవ చేయడానికి శిక్షణకు వెళ్ళమని నన్ను అడిగారు. నేను తొమ్మిదేళ్ళు తప్పించుకున్నాను. చదువు చాలదని, ఇల్లు గడవదని చెప్పేదాన్ని. అసలు సంగతి వేరు. ఆ పాట పాడిన వాళ్ళ మధ్యకు, ఆ చేదు పెట్టుకుని ఏ ముఖంతో వెళ్ళను? చేదు తగ్గాక వెళ్దామనుకున్నాను. నలభై నాలుగేళ్ళు వచ్చినా తగ్గలేదు. నాయనమ్మ అన్న మాట అప్పుడు నాకు అర్థమైంది, అలాగే వెళ్ళాను.

ఇప్పుడు అరవై దాటాయి. వారానికి రెండు రోజులు సంగారెడ్డిలో ఆసుపత్రికి బస్సులో వెళ్ళి వస్తాను. బీహారు, ఒడిశాల నుంచి వచ్చి మా వైపు ఫ్యాక్టరీల్లో చేతులు కాల్చుకున్న పిల్లలుంటారు. ఒక్కోసారి వాళ్ళను పనిలోకి దింపిన వాళ్ళూ పక్క మంచాల మీద ఉంటారు. వచ్చీరాని హిందీలో ఇద్దరితోనూ మాట్లాడతాను. మేస్త్రీని క్షమించావా అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ జవాబు తెలియదు. మనసు నాతో పాటు వార్డులోకి వచ్చిన రోజులు కొన్ని ఉన్నాయి, రాని రోజులే ఎక్కువ. మంచం మీదున్న వాళ్ళెవరూ దాని సంగతి నన్ను అడగలేదు. కాసేపు కూర్చోమన్నారు, కూర్చున్నాను.